అందరికీ ఒకే కొలత పనికిరాదు: చామొనీ స్కీ ప్యాకేజీపై ఫిర్యాదు

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,
స్కీ పర్యటనల విభాగం.

విషయం: ఫ్రాన్స్‌లోని చామొనీ లోయలో ఆరు రోజుల "అన్ని స్థాయుల వారికీ స్కీ, స్నోబోర్డ్" ప్యాకేజీలోని లోపాలు, డబ్బు వాపసు, మీ తెలుగు కరపుస్తకం సవరణ గురించి.

మేనేజర్ గారూ, నమస్కారం.

ఫిబ్రవరిలో మీరు నడిపిన ఈ ప్యాకేజీలో మేము 14 మందిమి ఉన్నాం. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని, మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లం కొందరం. మంచు మీద మొదటిసారి కాలుపెట్టినవాళ్లు ఎనిమిది మంది, ఏటా స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లం నలుగురం, స్నోబోర్డ్ నేర్చుకుందామని వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు. అందరి సంతకాలతో ఈ లేఖ రాస్తున్నది ఆ నలుగురం. గదుల గురించి, భోజనం గురించి మాకు ఏ ఫిర్యాదూ లేదు. రాత్రిపూట పప్పన్నం, పెరుగు దొరికేలా చూసినందుకు పెద్దవాళ్లు సంతోషించారు కూడా. మా ప్రధాన ఫిర్యాదు పరికరాల మీద, స్లోప్‌ల ఎంపిక మీద, కరపుస్తకంలోని తప్పుల మీద. ఈ మూడింటికీ మూలం ఒక్కటే: ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకోవలసిన వివరాలు మీరు అడగలేదు.

బుకింగ్ అప్పుడు నింపించుకున్న ఫారంలో నాలుగే గళ్లున్నాయి: పేరు, వయసు, షూ సైజు, స్థాయి. స్థాయి దగ్గర బిగినర్, ఇంటర్మీడియట్, ఎక్స్‌పర్ట్ అని మూడు మాటలు పెట్టారు. ఔలీలోనో గుల్‌మార్గ్‌లోనో రెండు రోజులు స్కీయింగ్ చేసినవాళ్లు ఇంటర్మీడియట్ దగ్గర టిక్కు పెట్టారు. వాళ్ల తప్పేమీ లేదు, ఆ మాటకు అర్థమేమిటో మీరు చెప్పలేదు కదా. సులువైన నీలం స్లోప్‌లో కావలసిన చోట ఆగగలరా, కష్టమైన ఎరుపు స్లోప్‌లో రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి వరసగా మలుపులు తిప్పగలరా, నేల మీదే లాక్కుపోయే డ్రాగ్ లిఫ్టు ఎప్పుడైనా ఎక్కారా అని అడిగి ఉంటే ఎవరు ఎక్కడున్నారో ఇట్టే తేలిపోయేది.

అన్నింటికన్నా ప్రమాదకరమైన తప్పు బైండింగులది, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులది. కరపుస్తకం 11వ పేజీలో "డిన్ సెట్టింగ్: పెద్దలకు 6, పిల్లలకు 3" అని అచ్చు వేశారు. మీ కోఆర్డినేటర్ అద్దె షాపుకి అదే జాబితా పంపారు. స్కీలు అలాగే బిగించి వచ్చాయి. ఏ కొలతా చూడకుండా బిగించడం షాపువాళ్ల తప్పే. కానీ ఆ అంకెలు వాళ్ల చేతికిచ్చింది మీరు.

డిన్ అంటే, పడినప్పుడు ఎంత బలానికి బైండింగ్ బూటును వదిలేయాలో చెప్పే అంకె. దాన్ని తేల్చడానికి ఐఎస్ఓ 11088 ప్రమాణంలో ఒక పట్టిక ఉంది. అందులోకి బరువు, ఎత్తు, వయసు, స్కీ చేసే తీరు, బూటు సోలు పొడవు ఈ అయిదూ వెళ్లాలి. బరువు ఒక వరసలో, ఎత్తు ఇంకో వరసలో పడితే రెండింట్లో పై వరస, అంటే తక్కువ అంకె ఇచ్చేదే తీసుకోవాలి. వయసు 9 లేదా అంతకన్నా తక్కువైనా, 50 లేదా అంతకన్నా ఎక్కువైనా మరో వరస పైకి జరగాలి. నెమ్మదిగా వెళ్లే కొత్తవాళ్లు టైప్ 1, వేగంగా నిటారు స్లోప్‌లు దిగేవాళ్లు టైప్ 3. సోలు పొడవు మడమ పక్కన మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది. ఒకే సైజు బూట్లయినా తయారీదారును బట్టి అది కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది. సోలు పొడవైనకొద్దీ మొన దగ్గర కొద్దిపాటి బలమే కాలిని ఎక్కువగా మెలిపెడుతుంది, అందుకే పొడవు పెరిగితే అంకె తగ్గించాలి.

ఇప్పుడు మీ "6" ఎవరికి ఏం చేస్తుందో చూడండి. మా బృందంలో 54 ఏళ్ల ఒక పెద్దావిడ బరువు 52 కిలోలు, మొదటిసారి వచ్చారు. పట్టిక ప్రకారం ఆమెకు 6 చాలా ఎక్కువ. మెల్లగా వెళ్తూ పక్కకు తూలినా స్కీ కాలిని వదలదు. స్కీ పొడవంతా మీటలా మారి పిక్క ఎముకను మెలిపెడుతుంది. సెట్టింగ్ సరిగ్గా ఉన్నా మోకాలి లిగమెంట్లకు పూర్తి రక్షణ ఉండదు. అయితే పిక్క ఎముక విరగకుండా కాపాడవలసింది ఈ అంకే. అదే 6 మీద 92 కిలోల అనుభవజ్ఞుడు ఎరుపు స్లోప్‌లో వేగంగా మలుపు తిరిగితే, పడకుండానే బూటు ఊడిపోతుంది.

మొదటిరోజు సాయంత్రం 12 మంది స్కీలూ తీసి చూశాం. ఒక్కో స్కీకి మొన దగ్గర ఒకటి, మడమ దగ్గర ఒకటి చిన్న ప్లాస్టిక్ కిటికీ ఉంటుంది, లోపల గీత పక్కన అంకె కనిపిస్తుంది. 24 స్కీల మీద అలాంటివి 48 కిటికీలు. పెద్దలవన్నీ 6 దగ్గర, పిల్లలవన్నీ 3 దగ్గర ఉన్నాయి. మూడు జతలకైతే మడమ భాగాన్ని బూటు పొడవుకు జరిపి సరిచేయను కూడా లేదు. బూటును ముందుకు నొక్కి ఉంచే ఆ ఒత్తిడి తప్పితే కిటికీలో ఏ అంకె ఉన్నా నమ్మడానికి లేదు. ఆ రాత్రే షాపు తెరిపించి, అందరి బరువులూ చూపించి, అన్నీ మళ్లీ బిగించుకున్నాం. ఫోటోలు జతచేశాం. స్కీ మీదికి ఎక్కే ముందు బూటు అడుగున అంటుకున్న మంచును గీకేయాలన్న మాట కూడా కరపుస్తకంలో ఎక్కడా లేదు. ఆ మంచు గడ్డకట్టి సోలు కింద ఉండిపోతే బైండింగ్ సరిగ్గా వదలదు.

ఇక బూట్లు. ఇండియాలో మనం చెప్పే 7, 8 సైజులతో స్కీ బూటు ఇవ్వకూడదు. వాటి సైజు పాదం పొడవే, సెంటీమీటర్లలో. మడమను గోడకు ఆనించి నిలబడి, పెద్ద వేలి కొసకు పుస్తకం అంచు తగిలించి కొలిస్తే సరిపోతుంది. 26.5 సెంటీమీటర్లు వస్తే 26.5 బూటు. ఈ రెండు నిమిషాల పని ఇంటి దగ్గరే చేయించవచ్చు. షాపులో అయితే లోపలి మెత్తని లైనర్ తీసి, ఖాళీ పెంకులో పాదం పెట్టి, వేళ్లు ముందు తగిలేలా జరిపితే మడమ వెనక ఒకటి రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. కొత్తవాళ్లకు మీరు ఇప్పించినవి అంతకన్నా వదులు. వదులు బూటు మొదట్లో హాయిగానే ఉంటుంది. గంట తిరగకముందే మడమ పైకి లేస్తుంటే పై బకిల్ బిగించుకుంటూ పోతారు, పిక్క నలిగిపోతుంది, స్కీ మాత్రం మాట వినదు.

దీనికి తోడు కరపుస్తకం "చలి ఎక్కువ కాబట్టి రెండు జతల ఉన్ని సాక్సులు వేసుకోండి" అంటోంది. దయచేసి ఈ వాక్యం వెంటనే తీసేయండి. రెండు జతలు వేస్తే పాదం నొక్కుకుపోయి రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. పిక్క దాకా వచ్చే ఒకే ఒక్క పల్చటి సాక్సు చాలు. థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు. ఆ చిన్న మడతే మధ్యాహ్నానికి మోకాలి కింది ముందెముక మీద ఎర్రటి గాయం చేస్తుంది. మా వాళ్లలో నలుగురి కాళ్ల మీద సరిగ్గా అదే గీత పడింది.

మగవాళ్లందరికీ 170 సెంటీమీటర్ల స్కీలు ఇచ్చారు. కొత్తవాళ్లకు నిలబెట్టిన స్కీ గడ్డానికీ ముక్కుకీ మధ్య ఉంటే చాలు.

స్నోబోర్డ్ కుర్రాళ్లిద్దరికీ ఎడమకాలు ముందుండేలా బిగించి ఇచ్చారు. ఒకతనిది కుడికాలు ముందు. సాక్సులతో నున్నటి నేల మీద పరిగెత్తి జారితే ఏ కాలు ముందుకు వెళ్తుందో అక్కడే తెలిసిపోతుంది, అడిగితే చెప్పేవాడు. రెండోవాడి పాదం పెద్దది, ఇచ్చింది సన్నబోర్డు. బూటు వేళ్ల భాగం అంచు దాటి బయటికి వచ్చింది. ముంగాళ్ల వైపు ఒరిగినప్పుడు అది మంచుకు తగిలి బోర్డు చటుక్కున జారిపోయేది. స్నోబోర్డ్ బైండింగులు స్కీ బైండింగుల్లా ఊడవు. కొత్తవాళ్లు పడినప్పుడు చెయ్యి చాచి ఆనుకుంటారు, దెబ్బ మణికట్టుకి తగులుతుంది. మణికట్టు గార్డులు మీ జాబితాలోనే లేవు. పడేటప్పుడు పిడికిలి బిగించాలని ఎవరూ చెప్పలేదు.

స్లోప్‌ల సంగతి. చామొనీ ఒకే పెద్ద స్కీ మైదానం అన్నట్టు మీ ప్రకటన ఉంది. అది 1035 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, లోయ పొడవునా విడివిడి స్కీ ప్రాంతాలు, వాటి మధ్య బస్సులో, రైల్లో తిరగాలి. కొత్తవాళ్లకు లె టూర్ ఊరి దగ్గరి వోర్మేన్, చామొనీలోనే ఉన్న సావోయ్, ప్లానార్ సరైనవి. మీరు రెండో రోజే అందరినీ గండోలాలో బ్రెవాన్ కింది ప్లాన్‌ప్రాకు ఎక్కించారు. అక్కడ నీలం స్లోప్‌లు ఉన్నాయి, నిజమే. కానీ అక్కడి నుంచి ఊళ్లోకి స్కీల మీద దిగే దారి అన్నింటికన్నా కష్టమైన నలుపు స్లోప్. కొత్తవాళ్లు గండోలాలోనే దిగాలి, ఆఖరి గండోలా ఎన్ని గంటలకో మీ కార్యక్రమ పత్రంలో లేదు. ఆ కొండవాలు దక్షిణం వైపు చూస్తుంది. పగలు ఎండకు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టి, పొద్దున్న తొమ్మిదింటికి గాజులా ఉంటుంది. కొత్తవాళ్ల మొదటి మలుపులకు అది తగిన చోటు కాదు.

కరపుస్తకం రంగులకు ఇచ్చిన అర్థాలూ తప్పే. ఆకుపచ్చ అంటే "సురక్షితం", ఎరుపు అంటే "ప్రమాదం" అని రాశారు. సులువు నుంచి కష్టానికి వరసగా ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అనేవి అదే కొండ మీద ఒకదానితో ఒకటి పోల్చి చెప్పే కష్టం, అంతే. గడ్డకట్టిన పొద్దున నీలం కూడా కష్టమే. "ఫెర్మే" అన్న బోర్డు కనిపిస్తే స్లోప్ మూసేశారని అర్థం, ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఎంతో మేలు జరిగేది.

అయిదో రోజు మంచు కురుస్తూ, మబ్బు కమ్మేసి ఉంటే, పత్రంలో ఉంది కాబట్టి లె టూర్ పైనున్న చెట్లు లేని బయళ్లకే తీసుకెళ్లారు. అలాంటి వెలుతురులో నేల ఎక్కడుందో, గుంట ఎక్కడుందో కంటికి ఆనదు. ఆ రోజు వెళ్లవలసింది లెజూష్‌కి. అక్కడి స్లోప్‌లు అడవి మధ్య నుంచి వెళ్తాయి, చెట్ల నలుపు పక్కనుంటే వాలు తెలుస్తుంది. మీరు అమ్మిన లిఫ్ట్ పాస్‌లో లెజూష్ ఉంది కూడా.

ఆ పాస్ గురించే ఇంకో మాట. మొదటి వారం నేర్చుకునే ఎనిమిది మందికీ మోంబ్లాన్ అన్‌లిమిటెడ్ పాస్ కొనిపించారు. వాళ్లకు కావలసింది కొత్తవాళ్ల స్లోప్‌లకు విడిగా దొరికే చవక టికెట్టు. కారణం అడిగితే కరపుస్తకం 17వ పేజీ చూపించారు: "ఎగ్వీ ద్యు మిది 3842 మీటర్ల నుంచి 20 కిలోమీటర్ల సులభమైన వాలే బ్లాంష్ స్లోప్, ఇంటర్మీడియట్ వారికి." ఇది చదివి ఎవరైనా నమ్మి వెళ్లారంటే ప్రాణం మీదికి వస్తుంది. వాలే బ్లాంష్ స్లోప్ కాదు, హిమానీనదం. దానికి రంగు లేదు, దాన్ని చదును చేసే యంత్రం లేదు, గస్తీ లేదు. మంచు సొరంగం దాటగానే స్కీలు వీపుకి కట్టుకుని, రెండు పక్కలా లోయ ఉన్న సన్నటి మంచు గట్టు మీదుగా నడిచి దిగాలి. చాలామంది బూట్లకు క్రాంపాన్లు, అంటే జారకుండా ఉంచే ఇనుప ముళ్ల పట్టీలు వేసుకుంటారు. తర్వాతి వాలు చాలా చోట్ల నిటారేమీ కాదు, చూసినవాళ్లు మోసపోయేది అక్కడే. ప్రమాదమంతా మంచు కప్పేసిన పగుళ్లలో ఉంది. నడుముకి హార్నెస్, మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే ఆర్వా పరికరం, పార, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, ముందు నడిచే గైడ్ ఉండాలి. స్నోబోర్డ్ వాళ్లకు మధ్యలో వచ్చే చదునైన భాగాలు నరకం. మా నలుగురం గట్టిగా అడ్డుచెప్పడంతో ఎవరూ వెళ్లలేదు.

రోజూ రెండు గంటలు మీ కోఆర్డినేటరే శిక్షణ ఇచ్చారు. ఆయన మంచి మనిషి, ఓపిక ఉంది. కానీ ఫ్రాన్స్‌లో డబ్బు తీసుకుని స్కీయింగ్ నేర్పాలంటే ప్రభుత్వం గుర్తించిన అర్హత ఉండాలి. ఆ శిక్షకులను తయారుచేసే జాతీయ సంస్థ చామొనీలోనే ఉంది. ప్యాకేజీలో "శిక్షణ రుసుము" అని విడిగా తీసుకున్నారు.

బీమా పత్రంలో శీతాకాల క్రీడలు మినహాయింపు అని చిన్న అక్షరాల్లో ఉంది. ఫ్రాన్స్‌లో స్లోప్ మీద నుంచి స్లెడ్జ్‌లో దించితే బిల్లు దెబ్బతిన్నవాళ్లే కట్టాలి. లిఫ్ట్ పాస్‌తో పాటే దొరికే కారే నేజ్ బీమా గురించి మీరు చెప్పలేదు. కుర్మాయర్‌కి ఐచ్ఛిక యాత్ర పెట్టారు గానీ, ఇటలీలో 2022 జనవరి 1 నుంచి స్కీయర్‌కి ఎదుటివారి నష్టానికి వర్తించే బీమా తప్పనిసరి అన్న సంగతి రాయలేదు.

మేము కోరుతున్నవి ఇవి. ఎనిమిది మంది కొత్తవాళ్లకు పాస్ ధరలో తేడా, 14 మందికీ శిక్షణ రుసుము మొత్తం వాపసు ఇవ్వాలి. 11, 17 పేజీలున్న కరపుస్తకాన్ని తదుపరి బృందానికి ఇవ్వకుండా ఆపాలి, ఇప్పటికే అందుకున్నవాళ్లకు సవరణ పంపాలి. బుకింగ్ ఫారంలో బరువు, ఎత్తు, పాదం పొడవు, ముందుండే కాలు, పైన చెప్పిన మూడు ప్రశ్నలు చేర్చాలి. డిన్ అంకె అద్దె షాపు టెక్నీషియన్ మనిషిని చూసి, బూటు చూసి రాయాలి తప్ప మీ ఆఫీసు నుంచి వెళ్లకూడదు. ఈ నాలుగింట్లో కరపుస్తకం ఆపడం ముందు చేయండి, డబ్బు సంగతి రెండు వారాలు ఆగినా ఫరవాలేదు. మీ తర్వాతి బృందం మార్చిలో బయలుదేరుతోందని మీ ప్రకటనలోనే ఉంది.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకుంటే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌కి వెళ్తాం.

జతపరిచినవి: 48 బైండింగ్ కిటికీల ఫోటోలు, బుకింగ్ ఫారం, కరపుస్తకం 11, 17 పేజీల నకళ్లు, పాస్ రసీదులు, బీమా పత్రం.

ఇట్లు,
బృందంలోని 14 మంది తరఫున,
నలుగురు సభ్యులు