బ్యారన్ తగలబడేది కర్ర జారినందుకేనా?

సంపాదకులకు నమస్కారం.

జనవరి నుంచి మార్చి దాకా మీ జిల్లా పేజీలో ఒకే వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. 'పొగాకు క్యూరింగ్ చేస్తుండగా ప్రమాదవశాత్తూ కర్ర జారి గొట్టంపై పడి బ్యారన్ దగ్ధం.' ఊరి పేరు మారుతుంది తప్ప వాక్యం మారదు. కొండపి ప్రాంతంలో చాలా ఏళ్లుగా వర్జీనియా పొగాకు వేస్తున్న రైతును. మా ఆకు అయ్యాక ఇరుగుపొరుగు వాళ్ల బ్యారన్లకూ రాత్రిళ్లు పొయ్యి చూడ్డానికి వెళ్తుంటాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, కర్ర జారడం నిజమే గానీ, అప్పటికే పొయ్యి అదుపు తప్పి గొట్టం ఎర్రగా కాలి ఉండబట్టే అంత తొందరగా అంటుకుంటోంది. ఆ సంగతి మాత్రం ఎక్కడా అచ్చు కావడం లేదు.

పట్నం పాఠకులకు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. బ్యారన్ అంటే పచ్చాకును వేడితో ఆరబెట్టే, అంటే క్యూరింగ్ చేసే, ఎత్తయిన ఇటుక గది. పొయ్యి నోరు గోడకు బయట ఉంటుంది. అక్కడ కట్టె కాలుతుంది. లోపల నేలకు కాస్త ఎత్తులో ఇనుప రేకు గొట్టాలు గదంతా తిరిగి చిమ్నీలో కలుస్తాయి. ఆ గొట్టాల వేడికే పైన కర్రలకు అల్లి వరుసలుగా వేలాడదీసిన ఆకు ఆరుతుంది. పొగ మాత్రం ఆకుకు తగలకూడదు.

మొదట్లో 90, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆకు పండుతుంది. పసుపు తిరిగాక వేడి కొంచెం కొంచెంగా పెంచుతూ రెక్క, అంటే ఈనెకు రెండు పక్కలా ఉండే పలుచటి భాగం, ఎండబెడతాం. ఆఖరున ఆకు నడుమ ఉండే లావుపాటి ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్తాం. మొత్తం మీద వారం రోజుల పని. పచ్చాకులో 80 శాతం పైగా నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరవుతున్నన్నాళ్లూ ఎంత కట్టె వేసినా వేడినంతా అదే మింగేస్తుంది, థర్మామీటరు ముల్లు పెద్దగా కదలదు. దాంతో చెయ్యి ఒక లెక్కకు అలవాటు పడిపోతుంది, గంటకు ఇన్ని మొద్దులని. రెక్క ఎండిపోయి ఈనెలో మాత్రమే తడి మిగిలాక అదే లెక్కన వేస్తే ఆ వేడి ఇంకెక్కడికి పోతుంది? చూస్తుండగానే 170 దాటుతుంది. ఆకు ఎర్రబారి వేలంలో కింది గ్రేడుకు పడిపోవడం ఒక నష్టం. గదిలో ఉన్నదంతా అప్పటికి గలగలలాడే ఎండు సరుకు కావడం అంతకంటే పెద్ద ప్రమాదం. ఆఖరి రెండు రాత్రుళ్లలోనే బ్యారన్లు ఎక్కువగా తగలబడేది అందుకే. సరిగ్గా ఆ రాత్రుళ్లలోనే మనిషి కూడా అలిసిపోయి ఉంటాడు. 'ఇంకో రెండు మొద్దులు పడెయ్ బాబాయ్, తెల్లారేసరికి ఈనె ఎండాల' అని పొయ్యి నిండా కుక్కి పడుకునేది అప్పుడే.

కట్టె తీరు కూడా చూసుకోవాలి. లావుపాటి పచ్చి జామాయిల్ మొద్దు నిదానంగా కాలుతుంది. ఎండిన సుబాబుల్ కొమ్మలు, సన్నటి సరుగుడు ఒక్కసారిగా భగ్గుమంటాయి. మొదటి రోజుల్లో మొద్దులు వాడేసి చివరకు మిగిలిన ఎండుపుల్లలు ఈనె దశలో వేసేవాళ్లే మా వైపు ఎక్కువ. అది తిరగెయ్యాలి. పైకప్పు కింద వేడి పోకుండా గడ్డో, దూదిలాంటి పరుపో వేయించుకున్న బ్యారన్లలో కట్టె తక్కువ పడుతుంది. మంచి పనే. కానీ ఆ ఏడాది పాత లెక్కన కట్టె వేస్తే ముల్లు ఎగిరిపోతుందని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

ఇక గాలి. పొయ్యి తలుపు సరిగా మూసుకోకపోయినా, బూడిద తీసే కంత బార్లా తెరిచి ఉన్నా, చిమ్నీలో అడ్డం తిప్పే రేకు తుప్పు పట్టి ఊడిపోయినా మంట మన చేతిలో ఉండదు. పొయ్యి నోటికి ఎదురుగా గాలి వీచిన రాత్రి అయితే చెప్పనే అక్కర్లేదు. చాలా పొయ్యిలకు తలుపే లేదు. పాత రేకు ముక్క ఆనించి పెడతారు. నాలుగు ఇటుకలు, కాస్త మట్టి, ఒక రేకు తలుపుతో అయ్యే పని అది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది గొట్టాల సంగతి. మా దగ్గర బ్యారన్లు చాలావరకు కౌలు మీదే నడుస్తున్నాయి. నిరుడు ఒక కౌలు బ్యారన్‌కు పొయ్యి చూడ్డానికి పిలిస్తే వెళ్లాను. పొయ్యిని ఆనుకుని ఉండే మొదటి మెలిక దగ్గర గొట్టం తుప్పుకు కాగితంలా అయిపోయింది. దాని మీద నూనె డబ్బా రేకు చుట్టి, ఇనుప తీగతో బిగించి, మట్టి మెత్తారు. మట్టి పగిలి నెర్రెలిచ్చింది. రాత్రి అద్దం కిటికీలోంచి చూస్తే ఆ అతుకు చుట్టూ ఎర్రటి గీత కనపడతా ఉంది. గొట్టం మార్చమన్నాను. 'బ్యారన్ నాది కాదు గదన్నా, గొట్టం మార్చి నెక్స్ట్ ఇయర్‌కి వదిలేసి పోవాల్నా?' అన్నాడు కౌలు రైతు. ఓనరును అడిగితే 'వాడుకునేవాడే బాగు చేయించుకోవాల' అన్నాడు. ఇద్దరి మాటా వాళ్ల వాళ్ల లెక్కన సబబే. ఆ నెల తిరక్కుండానే ఆ బ్యారన్ కాలిపోయింది. కౌలు రైతుకు ఆకు పోయింది, ఓనరుకు గది పోయింది. పేపర్లో మాత్రం కర్ర జారిందనే వచ్చింది.

ఆ రేకు గొట్టాలను సీజనుకు ముందే పరీక్షించుకోవడం చాలా తేలిక. ఖాళీ బ్యారన్ తలుపులు, వెంటిలేటర్లు మూసి, పొయ్యిలో తడి చెత్త వేసి పొగపెట్టాలి. లోపలికి పొగ ఎక్కడ నుంచి కారుతుందో అక్కడ చిల్లు ఉన్నట్టే. సీజన్లో నిప్పురవ్వ బయటకొచ్చేదీ అక్కడి నుంచే. గొట్టాల్లో మసి దులపకపోతే పొగ ముందుకు కదలక, వేడంతా మొదటి మెలిక దగ్గరే ఆగి అది ఎర్రబడుతుంది. గొట్టాలకు పైన ఇనుప జల్లెడ పరిస్తే జారిన ఆకు నేరుగా గొట్టం మీద పడదు. పరిచి వదిలేస్తే చాలదు. జల్లెడ మీద పడిన ఆకును ప్రతి లోడుకూ, అంటే గది నింపిన ప్రతిసారీ, ఊడ్చెయ్యాలి. థర్మామీటరు తలుపు పక్కన కాకుండా గది మధ్యలో, అడుగు వరుస ఆకు ఎత్తులో వేలాడాలి. తలుపు దగ్గర 150 చూపిస్తున్నప్పుడు నడిమధ్యలో ఎంతుందో ఎవరికి తెలుసు?

ముల్లు ఎగిరిపోయినప్పుడు మా వాళ్లు చేసే మొదటి పని పొయ్యిలోకి బిందెడు నీళ్లు కుమ్మరించడం. దయచేసి ఆ పని చేయొద్దు. ఆవిరి ఎదురు తన్ని మొహం, చేతులు కాలుతాయి. పొయ్యి ఇటుక పగులుతుంది, కాగిన గొట్టం వంకర్లు పోతుంది. ముందు మండుతున్న కట్టెను పారతో బయటకు లాగి, దూరంగా పడేసి, అక్కడ నీళ్లు చల్లాలి. పొయ్యిలో మిగిలిన నిప్పు మీద బూడిద కప్పి, బూడిద కంత, పొయ్యి తలుపు మూయాలి. మంట పెద్దగా ఉండగానే చిమ్నీ రేకు మూసేస్తే పొగ, మంట పొయ్యి నోట్లోంచి ఎదురు తిరుగుతాయి. అది ఆఖరున చేసే పని. ఆ తర్వాత కింది వెంటిలేటర్లు, పై వెంటిలేటరు కాస్త కాస్త తెరిచి వేడి దించాలి.

అయితే పై వెంటిలేటరు దగ్గర ఆకు మాడిన వాసనో, పొగో వస్తుంటే లెక్క మారిపోతుంది. అప్పుడు ఏదీ తెరవకూడదు. తెరిచి ఉన్నవి కూడా మూసెయ్యాలి. లోపల ఏమైందో చూద్దామని తలుపు తీసిన క్షణాన గాలి దూరి, పొగలుతున్న ఆకు మంటగా లేస్తుంది. తలుపు తీసిన మనిషి దానికి ఎదురుగా ఉంటాడు. సరుకు పోతే పోయింది. ముందుగా 101కి ఫోన్ చేసి, పక్క బ్యారన్ దగ్గరున్న కట్టెల వామి, మండె వేసిన (కుప్పగా పేర్చిన) ఆకు దూరం జరపాలి. కర్రలు లాగి నాలుగు బస్తాల ఆకు దక్కించుకుందామని లోపలికి ఎవరూ దిగొద్దు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటుంది. బ్యారన్ కాలిన వార్త రాసేటప్పుడు మీ విలేకరి గొట్టం, పొయ్యి తలుపు, జల్లెడ ఎలా ఉన్నాయో కూడా అడిగి రాస్తే బాగుంటుంది. రాజమండ్రిలో పొగాకు మీద పరిశోధన చేసే సంస్థ వాళ్ల చేత సీజనుకు ముందు, డిసెంబరులోనే ఈ సంగతులు వివరంగా రాయించి వేస్తే నాలాంటి వాడు చెప్పినదానికంటే రైతులు ఎక్కువగా నమ్ముతారు.

గుంటూరులోని పొగాకు బోర్డు పెద్దలకు కూడా మీ ద్వారా ఒక మనవి. ఏటా రైతుల పేర్లు నమోదు చేసేటప్పుడు బ్యారన్ గొట్టాలు, చిమ్నీ రేకు, జల్లెడ చూసి ఆ వివరం కాగితం మీద రాయించండి. కౌలు బ్యారన్ అయితే గొట్టాల మరమ్మతు ఖర్చు ఓనరుదా, కౌలుదారుదా అన్నది కౌలు పత్రంలోనే తేల్చి ఇద్దరి సంతకం తీసుకోండి. ఆ ఖర్చు కౌలులో తగ్గించుకునే ఏర్పాటు ఉంటే గొట్టం మార్చమన్నప్పుడు మా కౌలు రైతులు వెనకాడరు.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా.