క్రియాటినిన్‌తో పాటు మెగ్నీషియం కూడా చూడమనండి
(ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ)

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నీళ్లు వచ్చాయి. ఇక అడిగేది చిన్నదే. కిడ్నీ రోగికి మామూలుగా రాసే రక్తపరీక్షల్లో యూరియా, క్రియాటినిన్, పొటాషియం ఉంటాయి, మెగ్నీషియం ఉండదు. దాన్ని చేర్చమని ఈ విన్నపం.

కిడ్నీ చెడుతున్నకొద్దీ మిగిలిన నెఫ్రాన్లు (కిడ్నీలోని వడపోత భాగాలు) మెగ్నీషియాన్ని ఎక్కువగా మూత్రంలోకి తోసి కొంతకాలం నెట్టుకొస్తాయి. జీఎఫ్ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తాయో చెప్పే లెక్క) 30 కిందికి పడితే ఆ సర్దుబాటు చాలదు, మెగ్నీషియం రక్తంలో పేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే మలబద్ధకం మొదలవుతుంది. నీళ్లు, ఆకుకూరలు, పళ్లు తగ్గించమంటాం, ఐరన్ మాత్రలిస్తాం. కడుపు బిగిస్తే రోగి చీటీ లేకుండానే మందుల షాపులో తెల్లటి విరేచనాల మందు కొంటాడు. 5 మి.లీ.కి 400 మి.గ్రా. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉన్న మందు 15 మి.లీ. తాగితే 500 మి.గ్రా. మెగ్నీషియం లోపలికి పోయినట్టే. పేగులు పీల్చుకునేది కొంతే అయినా, రోజూ తాగితే బయటికి పోయే దారి లేదు.

వికారం, మత్తు, బీపీ పడిపోవడం చూసి యూరియా పెరిగిందనుకుంటారు. మోకాలి కింద సుత్తితో తట్టినా కాలు కదలకపోతే మెగ్నీషియాన్ని అనుమానించాలి. ఇంకా పెరిగితే ఊపిరి ఆగుతుంది. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. నరంలోకి నెమ్మదిగా ఇస్తే గుండెకు కాసేపు రక్షణ. మెగ్నీషియాన్ని బయటికి తీసేది డయాలసిస్సే.

మెగ్నీషియం తగ్గినా ప్రమాదమే. ఏళ్ల తరబడి వాడే గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్రూసెమైడ్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ దాన్ని తగ్గిస్తాయి. పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ తప్పుతుంది, కాల్షియం మాత్రలు ఎన్ని మింగినా కాల్షియం పెరగదు. అలాగని అందరికీ మెగ్నీషియం మాత్రలు పంచమనడం లేదు. కిడ్నీ జబ్బు 3, 4 దశల్లో ఉన్న రోగులకు ఏడాదిపాటు మాత్రలిచ్చి చూసిన పరీక్షలో గుండె నాళాల్లో సున్నం పేరుకోవడం ఆగలేదని 2023లో తేలింది. పలాస జీడిపప్పులోనూ మెగ్నీషియం దండిగా ఉంది కానీ ఫాస్ఫరస్, పొటాషియం కూడా ఉన్నాయి. ముందు రోగి రక్తంలో మెగ్నీషియం ఎంతుందో తెలియాలి.

జీఎఫ్ఆర్ 45 లోపు ఉన్నవారికి, డయాలసిస్ వారికి మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయించండి. డయాలసిస్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. ఊదారంగు మూత ట్యూబు వద్దు, అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసి తప్పుడు లెక్క చూపిస్తుంది. ఎర్రకణాలు పగిలి ఎర్రబడిన శాంపిల్ కూడా పారేయాలి, ఎర్రకణాల్లోని మెగ్నీషియం కలిసి విలువ ఎక్కువగా వస్తుంది. డయాలసిస్ ద్రావణంలో మెగ్నీషియం ఎంతో, లీటరుకు 0.5 మిల్లీమోల్ అయినా 0.75 అయినా, కేస్ షీటులో రాయించండి.

పీహెచ్‌సీల్లో కిడ్నీ రోగుల కోసం మెగ్నీషియం లేని విరేచనాల మందు లాక్టులోజ్ ఎప్పుడూ నిల్వ ఉండాలి. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్, విరేచనాల మందు సీసాల మీద "కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగకూడదు" అని పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండేలా చూడండి.

ఇట్లు,
కిడ్నీ రోగులకు సేవలందించే డాక్టర్లు, డయాలసిస్, ల్యాబ్ సిబ్బంది