శంకువు లెక్కకు అంత చుట్టుతిరుగుడా?

సంపాదకులకు,

మొన్న మీ విద్యా పేజీలో పదో తరగతి మోడల్ ప్రశ్న ఒకటి వచ్చింది. రెండు సరూప శంకువుల (ఆకారం ఒకటే, సైజు వేరు) ఎత్తులు 8, 12 సెం.మీ. చిన్నదాని సంపూర్ణతల వైశాల్యం (ప్రక్కతలం, అడుగు కలిపి) 96π చ.సెం.మీ. అయితే పెద్దదానిది ఎంత? జవాబులో ముందు సమీకరణం పెట్టి వ్యాసార్థం 6 అని రాబట్టారు. తర్వాత వర్గమూలాలు, ఏటవాలు ఎత్తులు, చివరికి 216π. అరకాలమ్ పట్టింది. సరూపాల్లో వైశాల్యం ఎత్తుల నిష్పత్తి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తుల నిష్పత్తి 3/2, దాని వర్గం 9/4, దాంతో 96πని గుణిస్తే 216π. ఒక్క లైను.

తణుకులో రైస్‌మిల్లులకు రేకు హాపర్లు, అంటే గింజ పోసే గరాటాలు, చేసే షాపు మాది. ‘ఇదే నమూనా, ఒకటిన్నర సైజులో కావాలి’ అని వస్తారు. రేకు కూడా ఒకటిన్నర రెట్లే పడుతుందనుకుంటారు. రెండుంబావు రెట్లు అనగానే మొహం మాడిపోతుంది. గింజ మూడు రెట్లకు పైగా పడుతుందని చెప్పాక గానీ అడ్వాన్సు చేతికి రాదు. హాపర్ కింద మూతి కోసేస్తాం కాబట్టి అది పూర్తి శంకువు కాదనుకోండి. మూతినీ అదే నిష్పత్తిలో పెంచితే లెక్క మారదు.

రేకు మీద గీస్తే ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. వ్యాసార్థం 6, ఏటవాలు ఎత్తు 10 ఉన్న శంకువును విప్పి పరిస్తే 216 డిగ్రీల సెక్టార్ (వృత్తంలో ముక్క) వస్తుంది. 9, 15 ఉన్నదాన్ని విప్పినా అదే 216. కోణం కదలదు, కంపాస్ చాపాలే పెరుగుతాయి.

సరూప త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తి భుజాల వర్గాల నిష్పత్తికి సమానమన్న సిద్ధాంతాన్ని సిలబస్ తగ్గింపులో 2022-23లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదికి ఆ పుస్తకాలే. ఇక శంకువు దగ్గరికొచ్చేసరికి పిల్లలకు సూత్రం బట్టీ పట్టడం తప్ప ఏం మిగులుతుంది? ఆ లోటు మీ పేజీ అయినా తీర్చాలి కదా.

ఒక మెలిక మాత్రం వదలొద్దు. వ్యాసార్థం 6 అలాగే ఉంచి, ఎత్తు ఒక్కటే 8 నుంచి 16 చేస్తే అవి సరూపాలు కావు. ప్రక్కతల వైశాల్యం 60π నుంచి సుమారు 102.5π అవుతుంది. నాలుగు రెట్లు కాదు, రెట్టింపు కూడా కాదు. షెడ్డు ఇరుకైన మిల్లుల నుంచి మాకు ఇలాంటి ఆర్డర్లూ వస్తుంటాయి. వచ్చే వారం ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఇచ్చి, ఏది నిష్పత్తితో తేలుతుందో పిల్లల్నే అడగండి.

– రేకు పని షాపు యజమాని, తణుకు