అవశేషాల పరీక్ష చేనులోనే మొదలవుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఎగుమతి మిర్చిలో, మామిడిలో పురుగుమందుల అవశేషాలు దొరికాయన్న వార్త వచ్చినప్పుడల్లా మాటలన్నీ మందుల చుట్టూ, యంత్రాల చుట్టూ తిరుగుతాయి. ఆ కాయలు ల్యాబ్‌కు ఎలా చేరాయో అడిగేవాళ్లు తక్కువ. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందుకు ఐరోపాలో కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. అంటే 100 టన్నుల కాయలో ఒక్క గ్రాము. అందుకే పొద్దున మందు కొట్టినవాళ్లు అవే చేతులతో, అవే బట్టలతో సాయంత్రం శాంపిల్ కోయకూడదు. కొత్త గ్లౌజులు, కొత్త పాలిథిన్ సంచి కావాలి. యూరియా బస్తా, మందు డబ్బాలు మోసిన ఆటో రెండూ పనికిరావు.

గట్టు పక్క సాళ్లు వదిలేసి, చేనులో వంకరటింకరగా నడుస్తూ పది పన్నెండు చోట్ల మొక్క పైన, మధ్యన, కింద నుంచి కోయాలి. మందు అన్ని కాయల మీదా ఒకేలా పడదు మరి. పచ్చిమిర్చి కనీసం కిలో ఉండాలి. టమాటా కూడా కిలోయే, కానీ పది కాయలకు తగ్గకూడదు. క్యాబేజీ అయితే అయిదు గడ్డలు, రెండు కిలోలకు తగ్గకుండా. కడగొద్దు, తుడవొద్దు, చేనులో కోసి ముక్కలు చేయొద్దు. కడిగితే పైనున్న మందు పోయి రిపోర్టు శుభ్రంగా వస్తుంది, సరుకు మాత్రం అలాగే ఉంటుంది. ఐస్ ప్యాక్‌లు పెట్టిన పెట్టెలో సర్ది ఆ రోజో మర్నాడో చేర్చాలి.

ల్యాబ్‌లోనూ తప్పులు జరుగుతాయి. మామిడి టెంక తీసి రుబ్బుతారు, ఫలితం మాత్రం టెంకతో కలిపి మొత్తం కాయ బరువు మీద లెక్కకట్టాలి. టెంకను తూచకుండా పారేస్తే అవశేషం ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. కిలో కాయల్లోంచి చివరికి పరీక్షకు వెళ్లేది 10 గ్రాములే కాబట్టి రుబ్బడం ఏకరీతిగా ఉండాలి. కాయల్ని గడ్డకట్టించి డ్రై ఐస్‌తో (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పొడి చేయడం మేలైన పద్ధతి. ఆ తర్వాత అది ఆవిరై పోయేలా మూత వదులుగా ఉంచి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టాలి, లేకపోతే మిగిలిన డ్రై ఐస్ కూడా తూకంలోకి వచ్చి అవశేషం తక్కువగా తేలుతుంది. ఎండుమిర్చి పొడికైతే, మందును బయటికి లాగే ద్రావకం పోసే ముందు నీళ్లు కలిపి నాననివ్వాలి, 2 గ్రాములకు 10 మిల్లీలీటర్లు. పొడిగా ఉన్న కణాల్లోంచి మందు పూర్తిగా బయటికి రాదు.

అన్నిటికన్నా మోసం చేసేది మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు. కాయ రసం తగిలితే విరిగిపోతుంది. మిక్సీలో రుబ్బి కాసేపు పక్కన పెట్టిన గుజ్జులో, నిజంగా కొట్టిన మందే తగ్గిపోయి కనిపిస్తుంది. దీనికి వేరే కాయలు తీసుకుని, రుబ్బకుండా పెద్ద ముక్కలు తరిగి వెంటనే పరీక్షకు పెట్టాలి. పైగా వందల మందుల్ని ఒకేసారి వెతికే మామూలు పరీక్షలో మాంకోజెబ్, గ్లైఫోసేట్ అనే కలుపు మందు కనబడవు, వాటిని విడిగా అడగాలి. అందుకే సంచి మీద పంట, రకం, కోసిన తేదీతో పాటు ఏ మందు ఎప్పుడు కొట్టారో రాయడం తప్పనిసరి. ఆ వరుస ఖాళీగా వదిలిన శాంపిళ్లకు 'దొరకలేదు' అని వచ్చిన రిపోర్టును మేం నమ్మలేం.

రైతు సేవా కేంద్రాల్లో, మిర్చి యార్డుల్లో కొత్త సంచులు, గ్లౌజులు, ఐస్ పెట్టె, పూరించాల్సిన చీటీ అందుబాటులో ఉంచాలని వ్యవసాయ, మార్కెటింగ్ శాఖలను కోరుతున్నాం.

— అవశేషాల విశ్లేషణలో పనిచేస్తున్న కొందరం, గుంటూరు