బెణుకని వదిలేస్తే కాలు లేవదు

సంపాదకులకు,

మోకాలికి దెబ్బ తగిలి వచ్చినవారికి ఎక్స్‌రే తీసి, 'ఎముక విరగలేదు, బెణుకే' అని పంపేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. కండను ఎముకకు పట్టి ఉంచే టెండన్ తెగితే ఎక్స్‌రేలో నేరుగా కనిపించదన్న సంగతి, ముప్పై ఏళ్లు పిల్లలచేత కబడ్డీ ఆడించిన నాకే నా కాలిమీదికి వచ్చేదాకా పట్టలేదు.

నిరుడు కార్తీకమాసం ముసురులో రొయ్యల గుంట గట్టు దిగుతూ జారి, పడకుండా నిలదొక్కుకోబోతే మోకాలి దగ్గర టప్పుమంది. ఎక్స్‌రే తీసినచోట బెణుకన్నారు. ఇంట్లో సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. వాపు తగ్గాక చిప్పకు పైన వేలు పెడితే గుంటలోకి దిగబడేది. వెల్లకిలా పడుకుని కాలు చాచి ఎత్తబోతే మడమ దుప్పటి మీంచి లేచేది కాదు. ఈ రెండు గుర్తులూ ఉంటే తొడ కండరపు టెండన్ పూర్తిగా తెగి ఉంటుందని అనుమానించాలని నాలుగో వారంలో నెల్లూరులో ఎముకల వైద్యుడు చెప్పారు. రెండు మూడు వారాల్లోపు వస్తే నేరుగా కుట్టేవారట. ఆలస్యమైతే తెగిన కొస పైకి ముడుచుకుపోయి ఆపరేషన్ కష్టమవుతుంది.

నలభై దాటినవారిలో చిప్పకు పైనున్న టెండన్, అంతకు చిన్నవారిలో కిందిది ఎక్కువగా తెగుతుంటాయి. షుగరు, దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు టెండన్‌ను బలహీనపరుస్తాయి కనుక, కిడ్నీ బాధితులు ఎందరో ఉన్న కనిగిరి వైపు ఈ జాగ్రత్త మరీ అవసరం. కొద్దిగా చిరిగి, కాలు చాచి ఎత్తగలిగితే కత్తితో పని లేదు. కొన్ని వారాలు మోకాలు వంగకుండా పట్టీ వేసి, తరువాత వ్యాయామం చేయిస్తారు. వాలీబాల్ కుర్రాళ్లకు చిప్ప కింది అంచున వచ్చే నొప్పి వేరు: దానికి గెంతులు తగ్గించి, నెలల తరబడి క్రమంగా బరువు పెంచే వ్యాయామమే మందు. తొందరపడి టెండన్‌లోకే స్టెరాయిడ్ సూది వేయించుకుంటే అది తెగే ప్రమాదం ఉంది.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మోకాలి దెబ్బతో వచ్చిన ప్రతివారినీ పడుకోబెట్టి, ఒక్కసారి కాలు చాచి ఎత్తమనాలి. నొప్పి వల్లనూ ఎత్తలేకపోవచ్చు, నిజమే. అయినా ఎత్తలేనివారిని ఇంటికి పంపకుండా, అల్ట్రాసౌండ్ పరీక్ష ఉన్న పెద్దాసుపత్రికి ఆ రోజే రాసి పంపేలా జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా