సూపర్‌నోవా వేటకు మన ఆకాశం అనువే

సంపాదకులకు,

ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉన్న కళాశాలలు దాన్ని ఏడాదికోసారి శని వలయాలు చూపించడానికి బయటికి తీసి, మళ్లీ బీరువాలో పెట్టేయడం బాధగా ఉంది. మామూలు సీమాస్ (డిజిటల్) కెమెరా తగిలిస్తే అదే టెలిస్కోపుతో వేరే గెలాక్సీల్లో పేలే నక్షత్రాలను, అంటే సూపర్‌నోవాలను, పట్టుకోవచ్చు. అందుకు మన జిల్లాలు మంచి చోటు.

తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీల ఉత్తరం. వెయ్యికి పైగా గెలాక్సీలున్న కన్యారాశి గుచ్ఛం నడిభాగం డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) సుమారు 12 డిగ్రీల ఉత్తరం. కాబట్టి ఏప్రిల్ మొదట్లో అర్ధరాత్రికి అది దాదాపు మన నడినెత్తిన ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల మబ్బులు పోయి, నైరుతి ఇంకా రాని కాలం అది. ఊరి వెలుతురు దిగంతం వైపే ఎక్కువ కాబట్టి నడినెత్తిన ఉన్నవాటికి బాధ తక్కువ. పలమనేరు, కుప్పం వైపు పల్లెలకు వెళ్తే ఇంకా మేలు. ఆ గుచ్ఛం దూరం దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు. అక్కడ 'వన్-ఏ' రకం (రకాల సంగతి కింద చెప్పాం) సూపర్‌నోవా పేలితే గరిష్ఠ ప్రకాశం 12వ మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత; సంఖ్య పెరిగేకొద్దీ మసక) దగ్గరికి వస్తుంది. ఒక్కోటి 60 సెకన్ల చొప్పున ఐదు ఫోటోలు కలిపితే ఎనిమిది అంగుళాల టెలిస్కోపుకు 17వ మాగ్నిట్యూడ్ దాకా అందుతుంది. గరిష్ఠానికి చేరడానికి రెండున్నర వారాలు పడుతుంది గనుక, పెరిగే దశలోనే కనబడుతుందన్నమాట. అక్కడి ఎం61 గెలాక్సీ ఒక్కదానిలోనే 1926 నుంచి 2020 వరకు ఎనిమిది సూపర్‌నోవాలు కనిపించాయి.

పని అంతా పాత ఫోటోతో పోల్చడమే. హవాయి నుంచి ఆకాశాన్ని ఫోటోలు తీసిన పాన్-స్టార్స్ సర్వే ఫోటోలు ఉచితంగా దొరుకుతాయి. పోల్చేటప్పుడు ఫిల్టరు చూసుకోవాలి: నీలి ఫోటోను ఎర్ర ఫోటోతో పోలిస్తే గెలాక్సీ చేతుల్లోని నీలి నక్షత్రాల గుచ్ఛాలు 'కొత్త చుక్క'లుగా కనిపించి మోసం చేస్తాయి. ఫోటోకీ ఫోటోకీ మధ్య టెలిస్కోపును కొద్దిగా జరపాలి. జరిపినా కెమెరాలో అదే పిక్సెల్ మీద ఉండిపోయే చుక్క హాట్ పిక్సెల్, అంటే కెమెరా లోపం. ఒక్క ఫోటోలోనే ఉండి మాయమయ్యేది కాస్మిక్ కిరణం, అంటే అంతరిక్షం నుంచి వచ్చి కెమెరాను తాకిన కణం. అరగంట తర్వాత మళ్లీ తీస్తే గ్రహశకలం జరిగి దొరికిపోతుంది. కన్యారాశి క్రాంతివృత్తానికి (ఆకాశంలో సూర్యుడి దారి; గ్రహశకలాలు ఎక్కువగా దాని దగ్గరే తిరుగుతాయి) దగ్గర కాబట్టి ఈ తనిఖీ అక్కడ మరీ ముఖ్యం. చాలా నెమ్మదిగా కదిలేవి అరగంటలో బయటపడవు. అందుకే గ్రహశకలాల లెక్కలు ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ జాబితాలో కూడా చూడాలి. ఫిబ్రవరి రాత్రుల్లో ముందు అద్దానికి మంచు పడితే నక్షత్రాలు ఉబ్బి, గెలాక్సీ కేంద్రం పక్కన చుక్కలున్న భ్రమ కలుగుతుంది. మంచు పట్టిన ఫోటోలను మొహమాటం లేకుండా పారేయాలి.

ఇన్ని దాటాక కొత్తగా కనిపించిన చుక్కలకు పేర్లిచ్చే అంతర్జాతీయ వెబ్‌సైటు ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌కు పంపాలి: కచ్చితమైన స్థానం, మాగ్నిట్యూడ్, ఫిల్టరు, చుక్క లేని చివరి ఫోటో తేదీ, ఆ ఫోటోలో ఎంత మసక చుక్కదాకా అందిందో. సమయం యూటీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాయాలి. మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేస్తే తేదీ కూడా మారుతుంది: ఏప్రిల్ 10 తెల్లవారుజామున 3 గంటల ఫోటో, ఏప్రిల్ 9న 21.30 అవుతుంది. మొదటి నివేదికల్లో ఈ తప్పు జరగకుండా చూసుకోవాలి.

అప్పటికీ అది సూపర్‌నోవా అని తేలినట్టు కాదు. సర్వర్ ఇచ్చే పేరు ముందు 'ఏటీ' (ఇంకా రకం తేలని చుక్క) ఉంటుంది. వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన బొమ్మ) తీసి రకం తేల్చాకే 'ఎస్ఎన్' వస్తుంది. హైడ్రోజన్ గీతలుంటే రెండో రకం. అవి లేకుండా, తరంగదైర్ఘ్యం 6150 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర సిలికాన్ లోతైన గాడి పెడితే వన్-ఏ, అంటే శ్వేత కుబ్జ తార (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) పేలుడు. సిలికాన్ అసలు చోటు 6355. పదార్థం సెకనుకు దాదాపు పది వేల కిలోమీటర్ల వేగంతో మనవైపు దూసుకొస్తున్నందున గాడి నీలివైపు జరుగుతుంది. హీలియం ఉంటే వన్-బీ, అదీ లేకుంటే వన్-సీ. ఒక్క వర్ణపటంతో తొందరపడకూడదు: 1993లో ఎం81 గెలాక్సీలో కనిపించిన 1993జే సూపర్‌నోవా మొదట హైడ్రోజన్ చూపి, కొన్ని వారాలకు హీలియంకు మారింది. పదార్థం వేగం వల్ల గీతలు బాగా వెడల్పవుతాయి కాబట్టి చిన్న గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడదీసే పలక) కూడా 13వ మాగ్నిట్యూడ్ దాకా పనికొస్తుంది. అంతకన్నా మసకవాటికి లద్దాఖ్‌లో హాన్లేలోని రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు వంటివి కావాలి.

రాత్రి రాత్రీ ఆకాశాన్ని ఫోటోలు తీసే పెద్ద సర్వేలు ఉండగా మనమెందుకు అంటారు. అలాంటి సర్వే నడిచే అమెరికాలోని పాలొమార్‌లో పగలైనప్పుడు మనకు రాత్రి. పేలిన తొలి గంటల ఫోటో ఎవరి దగ్గరున్నా విలువైనదే. 2023 మేలో ఎం101 గెలాక్సీలో సూపర్‌నోవా 2023ఐఎక్స్‌ఎఫ్‌ను మొదట పట్టుకున్నది జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటాగాకి.

మీ పత్రికకు మా విన్నపం: ఎవరైనా విద్యార్థులు 'కనుగొన్నాం' అని వస్తే సర్వర్ ఇచ్చిన పేరు అడగండి. 'ఏటీ' ఉంటే 'అనుమానిత సూపర్‌నోవా' అనే రాయండి. 'కొత్త నక్షత్రం పుట్టింది' అని మాత్రం శీర్షిక పెట్టకండి. అది చచ్చిపోతున్న నక్షత్రం. రకం తేలిన రోజున వర్ణపటం బొమ్మతో సహా రెండో వార్త కూడా వేయండి.

– కొందరు ఖగోళ పరిశీలకులు, తిరుపతి