చంకలో గ్రంథులన్నీ తీయాల్సిందేనా, ఆపరేషన్‌కి ముందే చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారం,

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అనగానే అందరూ రొమ్ము గురించే అడుగుతారు, చంక సంగతి ఎవరూ ఎత్తరు. మా వదినకి చంకలో లింఫ్ గ్రంథులు మొత్తం తీసేశారు. క్యాన్సర్ తగ్గింది, డాక్టర్లకి దణ్ణం పెట్టాలి, కానీ కుడి చెయ్యి వాచిపోయి గాజులెక్కవు, జాకెట్టుకి ఆ చెయ్యి వేరే కొలతతో కుట్టించుకోవాలి, బరువెత్తొద్దు, ఆ చేతికి సూది వద్దు, బీపీ చూడొద్దు అన్నారు, మిరపకోతకి పోయి బతికే మనిషి ఏం చెయ్యాలండీ. తీరా రిపోర్టు చూస్తే తీసిన గ్రంథుల్లో ఒక్కదాంట్లో కూడా క్యాన్సర్ లేదు!

సెంటినెల్ నోడ్ బయాప్సీ అని ఇంకో పద్ధతి ఉందని మాకెవరూ చెప్పలేదు. ఇది 1990ల నుంచీ ఉన్నదే. రొమ్ములోంచి క్యాన్సర్ పాకితే మామూలుగా ముందు చేరేది చంకలో ఒకటి రెండు గ్రంథులకే, అందుకని రొమ్ములో నీలం రంగు మందు ఎక్కించి అది ఏ గ్రంథికి చేరిందో చూసి దాన్నే తీసి టెస్ట్ చేస్తారు, అందులో లేకపోతే మిగతావి ముట్టుకోరు. అమెరికా, కెనడాల్లో 5,611 మంది మీద చేసిన బి-32 స్టడీ 2010లోనే తేల్చింది, ఇలా వదిలేసినా ప్రాణానికి తేడా రాలేదని. ఆ తర్వాత జెడ్0011 స్టడీలో ఒకటి రెండు గ్రంథుల్లో క్యాన్సర్ కనిపించినా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్ళకి చంక మొత్తం ఖాళీ చెయ్యకపోయినా పదేళ్ళ తర్వాత కూడా నష్టం కనపడలేదు. మొత్తం తీస్తే దాదాపు అయిదుగురిలో ఒకరికి చెయ్యి వాస్తుంది, సెంటినెల్‌తో ఆగితే ఇరవైమందిలో ఒకరికి అటూఇటూ. 2023లో వచ్చిన సౌండ్ స్టడీ అయితే రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్‌లో చంక బాగుంటే ఈ బయాప్సీ కూడా మానేయొచ్చు అంటోంది.

అందరికీ కుదరదు, నిజమే. మన దగ్గర చాలామంది గడ్డ పెద్దదయ్యాకే వస్తారు, చంకలో క్యాన్సర్ బాగా పాకి ఉంటే మొత్తం తీయాల్సి రావచ్చు, అది సర్జన్ నిర్ణయం. కానీ ఆసుపత్రుల్లో పరికరాలు లేవనే మాట మాత్రం నేను ఒప్పుకోను, ఆ గ్రంథిని వెతికే గామా ప్రోబ్ అనే పరికరం ఖరీదైతే కావచ్చు గానీ మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు మందు చవకే కదా, ముంబై టాటా మెమోరియల్ వాళ్ళు రంగు మందు కూడా లేకుండా చంక కింది భాగంలో గ్రంథులు మాత్రమే తీసి చూసే పద్ధతిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకి నా విన్నపం ఒక్కటే. ఆరోగ్యశ్రీలో గానీ డబ్బు కట్టి గానీ చేసే ప్రతి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు చంకలో ఏం తీస్తున్నారు, ఎందుకు తీస్తున్నారు, సెంటినెల్ ఈ మనిషికి ఎందుకు కుదరదు అన్నది సంతకం పెట్టే కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. జిల్లా ఆసుపత్రుల సర్జన్లకి, తీసిన గ్రంథుల్ని టెస్ట్ చేసే పాథాలజీ వాళ్ళకి ఇందులో ట్రైనింగ్ ఇప్పించాలి.

ఒక పాఠకురాలు,
గుంటూరు జిల్లా